బస్తా అడుగు

ఆదివారం పొద్దున హన్మకొండ కాలేజీలో
మాకు దొరికేది ఎవరికీ అక్కర్లేని గది.
ఫ్యాను తిరుగుతుంది, గాలి రాదు.
వారమంతా పిల్లలు పేర్లు చెక్కుకున్న బల్లల మీద
నలభై దాటిన మోచేతులు ఆనించుకుని
దూరవిద్య డిగ్రీ రెండో సంవత్సరం కూర్చుని ఉంటుంది.

బోర్డు మీద రాశాను: నమూనా సేకరణ.
కింద గీత గీశాను,
ఇరవై రెండేళ్ళుగా గీస్తున్న గీతే.
"సమగ్రమునకు ప్రాతినిధ్యం వహించు భాగమును..."
పెన్నులు కదిలాయి.
మూడో వరసలో ఒకటి కదలలేదు.

మొగిలమ్మ. ఏనుమాముల యార్డులో చాట కూలీ.
"గదేనా సారూ," అంది,
"బస్తాల చెయ్యి పెట్టి చూసుడేనా?"

లేచి, లేని బస్తా ముందు వంగింది.
మోచేయి దాకా గాలిలోకి దింపింది.
"పైది తియ్యొద్దు. పైన నిగనిగలాడేది పెడతరు.
నడుమ తాలు కాయ, అడుగున తడి.
ఒక్క బస్తా చూసి లాటంతటికి ధర కట్టెటోడు
దొంగన్న కావాలె, పిచ్చోడన్న కావాలె."

మరి ఎన్ని చూడాలి, అన్నాను.
పరీక్షించడానికి కాదు.
అబద్ధం. పరీక్షించడానికే.
నా పుస్తకంలో దానికో సూత్రం ఉంది, వర్గమూలంతో సహా.
"ఎవల సరుకో చూడాలె సారూ.
ఒక్క చేను కాయైతే రెండు చాలు.
నాలుగూర్ల కాయ కలిపి తెస్తే
పది చూసినా నమ్మకం లేదు."

విస్తరణ అనే మాట రాద్దామని
నేను సుద్దముక్క వెతుక్కుంటుంటే
కిటికీ పక్క నుంచి నస్రీన్, జనగామ డిపో కండక్టరు:
"చెకింగోళ్ళు అన్ని బస్సులు ఎక్కరు సార్.
ఏ స్టేజీల ఎక్కుతరో నాకు ముందే ఎరుకైతే
ఇగ చెకింగెందుకు?"

ఎవరు ముందు తిప్పారో తెలియదు,
బల్లలు ఒకదానికొకటి ఎదురయ్యాయి.
ఎటు నిలబడ్డా ఎవరికో ఒకరికి నా వీపే.
కూర్చున్నాను.

అప్పుడు నాంపెల్లి మాట్లాడాడు.
భూపాలపల్లి గనిలో పని. జూన్ నుంచి
హాజరు పలకడం తప్ప నోరు విప్పనివాడు.
"బాయిల కప్పుకు కర్రతోని కొడతం.
గట్టిదైతే ఖంగుమంటది. డొల్లదైతే మొద్దుగ పలుకుతది.
గట్టిదాన్ని డొల్లదనుకుంటే
ఉత్తగ ఒక షిఫ్టు పాడైతది.
డొల్లదాన్ని గట్టిదనుకుంటే..."

ఆగాడు.
పిడికిలితో బల్ల మీద ఒకసారి కొట్టాడు.
బల్ల ఏమని పలికిందో
అతనికే తెలియాలి.

పుస్తకంలో వాటి పేర్లు
మొదటి రకం దోషం, రెండవ రకం దోషం.
ఏది మొదటిదో ఏది రెండోదో
ప్రతి ఏడూ క్లాసుకు ముందు
మెట్ల మీద ఆగి చూసుకునేవాణ్ణి.
ఇప్పుడు ఆగను.

ఫిబ్రవరిలో అసైన్‌మెంట్ల కట్ట వచ్చింది.
మొగిలమ్మది, నాలుగో పేజీ:
"సమగ్రమునకు ప్రాతినిధ్యం వహించు భాగమును..."
పొల్లు పోకుండా నా మాటలే.
బస్తా లేదు. తాలు కాయ లేదు.
ఎర్ర పెన్ను పట్టుకుని చాలాసేపు
నాకు కోపం, ఎవరి మీదో తెలియదు.

తర్వాతి ఆదివారం అడిగేశాను.
టిఫిన్ మూత పెడుతూ నవ్వింది.

"ఎరుకున్నది రాసుడెందుకు సారూ?
గది నా తాన్నే ఉంటది, ఎటు వోదు.
ఎరుక లేని మాట కోసం గదా
ఫీజు కట్టి వచ్చింది.
మొన్న యార్డుల దడువాయితోని అన్న,
గీ రెండు బస్తాలు
లాటుకు ప్రాతినిధ్యం వహిస్తలేవు అని.

కాంటా ఆపిండు."