రెండో చరణానికి ముందు

సాల్మియాలో మేడం పిల్లల్ని ట్యూషన్ దగ్గర దింపి
బండిలోనే ఉంటాను గంటన్నర,
ఏసీ ఆపి, అద్దం నాలుగు వేళ్లు దించి.
పెట్రోలు బాబాది, చెమట నాది,
పాట మాత్రం మా నలుగురిదీ.

నలుగురంటే
జహ్రా అవతల ఒంటెల దొడ్డి కాపలా మహబూబ్ పీరా,
అహ్మదీలో క్రేన్ ఎక్కే జగిత్యాల రాజలింగం,
నేను, ఓబులేసు, రాజంపేట,
ఇంకా రెడ్డెమ్మ.
రెడ్డెమ్మది ఏ వీధో మాకు తెలీదు.
ఒక ఫ్రిజ్ గురక మాత్రం తెలుసు.
ఆమె గొంతు వెనక ఎప్పుడూ అదే.

పీరాకు ఫైట్లు కావాల.
హీరో చొక్కా చేతులు మడిచే దగ్గర
సినిమా ఆపి ఫొటో తీసి పంపిస్తాడు,
"చూడండి, ఒంటెలు గూడా లేచి నిలబన్నాయి" అంటాడు.
రాజలింగానికి ఏడుపు పాటలే.
"గంత ఎత్తుల ఒక్కన్నే కూసుంటే
నవ్వుల పాట ఎట్ల ఇనబుద్ధయితది?"

నాకేమో మాటలతోనే పని లేదు.
పల్లవి అయిపోయి, మొదటి చరణం అయిపోయి,
మళ్లీ పల్లవి తలుపు తట్టి పోయినాక
ఎవరూ పాడని ముప్పై సెకన్లు ఉంటాయే,
అవి.
వయొలిన్లన్నీ పెండ్లివారి మాదిరి గుంపుగా వచ్చేస్తాయి.
వాటి వెనక ఒక్కడు
చెప్పులు చేత పట్టుకొని, ఆలస్యంగా, ఒక వేణువు.
ఆ ఒక్కడి కోసం పాటంతా వింటాను.

ఈ సంగతి ఇంటిదానికి చెప్పలేదు,
తమ్ముడికి చెప్పలేదు.
ముఖమే చూడని ముగ్గురికి
ఒక రాత్రి చెప్పేసినాను.
చెప్పినాక, ట్రంకుపెట్టె బజార్లో తెరిచినంత సిగ్గు.

రాజలింగం నవ్వినాడు. పీరా నవ్వే బొమ్మ పెట్టినాడు.
రెడ్డెమ్మ రెండు దినాలు పలకలేదు.
మూడో రాత్రి ఒంటిగంటకు, గుసగుసగా:
"అది వేణువు కాదన్నా. క్లారినెట్టు.
వేణువైతే గాలి ముందొస్తాది, సొరం తర్వాతొస్తాది.
మా నాయన పెండ్లి బ్యాండులో ఊదేటోడు.
ఇంకోసారి విను."

పదకొండుసార్లు విన్నాను.
క్లారినెట్టే.
పదైదేండ్లు మనసులో పెట్టుకున్నదాని పేరు
నాకే తెలీదని
అంట్లు తోముతా కనిపెట్టింది ఆయమ్మ.

తర్వాత ఎప్పుడో బయటపడింది,
ఆమె ఫోను తెర సగం నలుపంట.
సినిమాలన్నీ చెవుల్తోనే చూస్తాదంట.
ఆ పొద్దు నుంచి పీరా ఫొటోలు మానేసినాడు,
ఫైటు నోటితో పంపిస్తాడు:
"ఇప్పుడు మడిచినాడక్కా చెయ్యి... ఆగు...
వాడు పోయి అరటిగెలల మీద పడినాడు...
ఇంకోడు, లావుపాటోడు, వాడికి ఇప్పుడుంది..."
నడుమ ఒంటె ఒకటి అరుస్తాది.
ఆ సినిమా నేను హాల్లో చూసినాను.
ఇంత బాగలేదు.

మొన్న దుమ్ము లేచిన దినం,
రోడ్డూ మేడలూ ఉడికిన కందిపప్పు రంగయినప్పుడు,
రెడ్డెమ్మ నుంచి పన్నెండు సెకన్లు.
ఫ్రిజ్ గూడా లేదు.
ఒక ముసలి గొంతు, అరబ్బీలో,
తెడ్డు వేసి, ఆపి, మళ్లీ వేసినట్టు.
దాని వెంటనే ఇంకోటి:
"ఇంట్లో పెద్ద మామా పాడతాండాది.
వాళ్ల నాయన ముత్యాలకు మునిగేటోడంట.
పడవ పాట. నాకు మాటలు తెలీవు.
ఎట్లుందో చెప్పండి."

రాజలింగం: "ఏడుపు పాటనే. మంచిగుంది."
పీరా: "ఫైటు లేదు. అయినా బలముంది."

నేను ఇంకా చెప్పలేదు.
పాదానికీ పాదానికీ నడుమ
ఆ ముసలామె ఊపిరి తీసుకున్న చోట
నా వేలు ఆగిపోతాంది, వెనక్కి జరుపుతాంది,
మళ్లీ అక్కడికే పోతాంది.
అది గాలో సొరమో
రెడ్డెమ్మనే అడగాల.

"రెండో చరణం ఉందేమో కనుక్కో" అని
కొట్టి పెట్టినాను. పంపలేదు.
పిల్లలొచ్చేసినారు.
వెనక సీట్లో ఇసక దులుపుతా చిన్నోడు
వాడి పాట పెట్టమంటాడు,
ఒకటే దరువు, గుండ్రంగా తిరిగేది.
పెడతాను.
నడుమ ఒకచోట దరువు ఆగతాది, రవ్వంత సేపు.
అద్దంలో చూస్తిని:
వాడు అక్కడే కండ్లు మూసుకున్నాడు.