లాగితే ఊడే ముడి

నాకు గుర్రం తెల్దు. తాడు తెల్సు.
నలబై ఏళ్లుగా హార్బర్ గట్టు మీద
వలలు అల్లిన సెయ్యి నాది.

బీచి కాడ గుర్రం తిప్పే సుభానీ
ఓ మజ్జేనం తెగిన తోలువారు పట్టుకొచ్చినాడు.
"పరశన్నా, ఉప్పుగాలికి తోలు పెటిలిపోతంది,
బకిలు తుప్పట్టి దాని దవడ కోసీసింది.
తాడుతో తలకట్టు అల్లి పెట్టవా?"

దాని పేరు రజియా. మాసిపోయిన తెలుపు.
పగలు సబ్‌మెరైన్ ఎదురుగా ఇసకలో పిల్లల్ని మోస్తాది,
ముహూర్తాల రేత్రులు పెళ్లికొడుకుని.

జానేసి కొలిసినాను దాని మొకం.
ముక్కెముక అయిపోయి మెత్తన మొదలయ్యే సోటు
తడిమి సూసుకుని,
దానికి రెండు వేళ్ల పైన ముక్కుపట్టీ.
బుగ్గలకి సెరో ముడి,
గెడ్డం కింద ఒకటి, నిమ్మకాయంత,
నాలుగు పేటలు ఒకదాని కిందకొకటి దూరిపోయి
తల ఏదో తోక ఏదో నాకే తెలకుండా.
ట్రాలరు మోకు, పచ్చ నైలాను.
ఊపిరికి అడ్డమొస్తాదేమోనని
మూడుసార్లు ఇప్పి మళ్లీ ఏసినాను.
ఈలోగా అది నా జేబులో బీడీకట్ట నమిలీసింది.

మా దానమ్మ వొచ్చి సూసి
"ఆడకూతురే గదా, బోసిమొకమేటి?" అని
ఎర్రదారం కుచ్చులు కట్టింది, నుదుటికి ఏడు గవ్వలు కుట్టింది.
"మువ్వలొద్దమ్మా" అన్నాడు సుభానీ, "దానికి నిద్దరట్టదు."

ఆ పొద్దు రజియాని గుంజకి కట్టింది నానే.
పడవకేసినట్టే ఏసినాను, బిగించి పీటముడి.
సుభానీ సూసి, మాటాడకుండా ఇప్పీసినాడు.
"ఇది పడవ కాదు మావా. పడవకి బయం నేదు.
ఇది బెదిరిందంటే మెడ ఇరుసుకుంటాది గానీ ఆగదు."
ఉచ్చులోకి ఉచ్చు తోసి సూపించినాడు.
ఇటు గుర్రం ఎంత గుంజినా బిగుస్తాది,
అటు మనిసి కొస లాగితే
సబ్బునీల్లలా జారిపోతాది.

నాకు సిగ్గేసింది.
పుట్టి బుద్దెరిగి ఊడని ముడే గొప్పనుకున్నాను.
హుద్‌హుద్ నాడు తొమ్మిది తాళ్లు కట్టినాను నా పడవకి.
తెల్లారి సూస్తే ఒక్క ముడీ ఊడనేదు.
పడవే ఊడిపోయింది.
ముడిలో ఇరుక్కుని పలక ముక్కొకటి మిగిలింది,
నీలిరంగుది.

మాగమాసం పెళ్లి, మహారాణిపేటలో.
గుర్రం దిగి పెళ్లికొడుకు మండపంలోకి ఎల్లినాడో నేదో
దాని కాళ్ల సందున ఎవరో టపాసుల దండ అంటించినారు.
జనరేటరు బండికి కట్టుంది రజియా.
బండి ఒరిగిపోతంది. జనం అరుస్తన్నారు.
సుభానీ కొడుకు, పదకొండేళ్ల గుంటడు,
దూరి కొస లాగీసినాడు.

తెల్లారగట్ల పెద జాలరిపేట ఒడ్డున
తెప్పలు దించుతున్నోళ్లకి కనిపించింది,
కవళ్ల గుట్ట పక్కన నిలబడి వల వాసన సూస్తా.
తాడు కాళ్లంట ఈడుస్తంది.
తలకట్టు కదలనేదు.
ముడులు లెక్కెట్టినాను, అన్నీ ఉన్నాయి.
గవ్వ ఒకటి నేదు.
దానమ్మ ఇప్పటికీ అడుగుతాది ఆ గవ్వ ఏదని.

నిన్న సందేళ మా అల్లుడి పడవ కడతంటే
సెయ్యి దానంతటదే ఉచ్చులోకి ఉచ్చు తోసింది.
నవ్వొచ్చింది.
ఇప్పీసి, మామూలు ముడే ఏసినాను.
కొస మాత్తరం
కాస్త పొడుగ్గా ఒగ్గినాను.