మూడో చెయ్యి

పుదుచ్చేరి నుంచి పాత దుప్పట్లు చుట్టుకొని
జబ్బు పడ్డ ముసలామెలా వ్యాన్ దిగింది కుర్చీ.
మాధవమాల వీధిలో
సగం చెక్కిన గరుత్మంతులు
ముక్కులు చాచి చూశారు దాన్ని.

ఫ్రాన్సుదట. రెండొందల యాభై ఏళ్ళదట.
హోటలాయన ఏవేవో రాజుల పేర్లు చెప్పాడు.
మా నాయన మునిశేఖరాచారి వినలేదు.
దాన్ని తిరగేసి, పొట్ట కింద తల పెట్టి
చాలాసేపు ఉండిపోయాడు.

పైన అంతా సింగారమే.
వీపు మీద గవ్వలు, గవ్వల్లోంచి తీగలు,
తీగ ఎక్కడ ఆగిందో తడిమి చూసినా తెలీదు.
కాళ్ళు మాత్రం
గంతేయబోయి ఆగిన మేకపిల్లవి.
మోకాలు ముందుకి, మడమ లోనికి;
ఒక్క గీతా తిన్నగా లేదు,
బరువు మాత్రం తిన్నగా నేలకి దిగుతుంది.

"యాడా ఒక మేకు లేదు మే" అన్నాడు నాయన.
కూసం, బెజ్జం, అడ్డంగా ఒక చెక్క చీల. అంతే.
అడుగున చిత్రిక పట్టలేదు.
ఉలి దెబ్బలు అట్లే ఉన్నాయి
పచ్చిగా, నిన్న కొట్టినట్టు.
వాటి వాలు చూసి, గాల్లో ఉలి పట్టి,
చెయ్యి మార్చి మళ్ళీ పట్టాడు.
"ఎడం చేతివాడు."
నేనూ అంతే.
అన్నం తినడం తప్ప అన్నీ ఆ చేత్తోనే.

విరిగింది వెనక కాలు.
దాని జోడీని గోటితో గీరి, వాసన చూసి నవ్వాడు.
"ఇది ఫ్రాన్సోడిది గాదు, టేకు.
ముందే ఒకసారి విరిగితే ఎవురో మనోడు చేసినాడు.
రంగు పూసి కలిపేసినాడు, దొంగ."
దొంగ అనే మాట
అంత ముద్దుగా అనడం నేనెప్పుడూ వినలేదు.

కొత్త కాలు పాతగా కనబడాలని హోటలాయన ఫోను.
టీ డికాషన్ పూశాం. గొలుసుతో కొట్టాం.
సూదితో పురుగు బెజ్జాలు పొడవమంటే మాత్రం
నాయన పొడవలేదు.
"పురుగు పని పురుగు చేసుకుంటాది."

పదకొండు రోజులు.
ఉప్పుకాగితం పట్టి పట్టి నా వేలిగీతలు అరిగి
రేషన్ షాపు మిషను నన్ను గుర్తుపట్టలేదు.

వ్యాన్ వచ్చిన పొద్దున
"కూచో మే ఒకసారి" అన్నాడు.
జంకాను. ఒళ్ళంతా రంపప్పొట్టు.
"కూచుంటేనే గదా తెలిసేది."
కూర్చున్నాను.
ఎడం చేతివాడివి రెండు, పేరు లేనివాడిది ఒకటి,
మా నాయనది ఒకటి.
ఎవరి కూసాలూ కదల్లేదు.

బిల్లులో హోటలాయన
ఐదొందలు తగ్గించాడు,
పురుగు బెజ్జాలు లేవని.