పద్నాలుగుకు ఒకటి

ఇబ్రి సనాయ్యాల, మూడో లైన్ల మా గ్యారేజి.
మిట్టమధ్యాహ్నం షట్టర్ సగం దించుకొని
రొట్టెలు తింటుంటే ఒచ్చిండు ఆశన్న,
ఒంటెల కొట్టానికి గడ్డి మోసే ముసలి పికప్ ఏసుకొని.
చేతుల మూడు జరిమానా చీటీలు.
"నా సూది నూట ఇరవై దాటలే అన్నా,
రాడార్‌కు కండ్లు మసకలొచ్చినయా?"

నేను బండి మొఖం చూడలే, కాళ్లు చూసిన.
కొత్త టైర్లు.
ఇసుకల కూరుకపోకుండ అర్బాబు ఏపిచ్చిండట,
దుడ్డెకు ఏనుగు కాళ్లు అతికినట్టున్నయ్.

సుద్దముక్కతోటి టైరు మీద ఒక గీత,
దాని కింద నేల మీద ఒక గీత.
శఫీకుల్ ఎనకనుంచి నూకిండు.
గీత ఒక చుట్టు తిరిగి నేలను ముట్టినకాడ ఇంకో గీత గీసి
టేపు పరిస్తే రెండు మీటర్ల అరవై రెండు.
పాత టైరుకు రెండు నలభై నాలుగున్నర.
బెత్తెడుకు ఎక్కువ, జానెడుకు తక్కువ,
గంతే తేడా.

మీటరుకేం తెల్సు పాపం,
చుట్లు లెక్కవెట్టుడు తప్ప.
చుట్టు పెద్దగైందని దానికెవ్వలూ చెప్పలే.

బండి కిందికి దూరిన.
గేరు డబ్బా పక్కన కేబుల్ ఇప్పితే
నూనెల నానిన ప్లాస్టిక్ చక్రం, బొటనవేలంత.
పండ్లు లెక్కవెట్టిన. ముప్పై.
పాత సామాన్ల డబ్బా బోర్లిస్తే
అడుగున దొరికింది ఇరవై ఎనిమిది పండ్లది.
కొందరు పండ్లూడితే మాట తొర్రిపోతది;
దీనికి రెండు పండ్లు తక్కువైతేనే నిజం ఒస్తది.

"మీటరు పద్నాలుగని చూపెట్టినప్పుడల్లా
నువ్వు పదిహేను నడిచినవ్, ఆశన్నా."
ముందుగాల నవ్విండు. చీటీలు మడత పెట్టిండు.
తర్వాత నెమ్మదిగ అడిగిండు:
"స్పీడే గాదు, కిలోమీటర్లు గూడనా?"
"అవి గూడ. ఒకటే కేబుల్."

బోర్లించిన నూనె డబ్బా మీద కూసున్నడు.
నెలాఖరుకు అర్బాబు మీటరు చూసి
కిలోమీటరుకు ముప్పై బైసలు లెక్కగట్టిస్తడు.
టైర్లు మారినకాన్నుంచి నలభై రెండు వేలు.
గోడ మీద సుద్దతోటి భాగారం చేసిన.
మూడు వేలొచ్చింది.
తొంభై రియాళ్లు.
జరిమానాలు వేరే.

"ఆ మూడు వేలు మరి
నేను నడిపినట్టా, నడపనట్టా?"

నాకేం జవాబు ఒస్తది?
నా పని సూదిని సరిజేసుడు.
ఆర్నర రియాల బిల్లు ఎనక మాత్రం
నంబర్ ప్లేట్లు చూసి నేర్సుకున్న అరబ్బీ అంకెలల్ల
ఒక చిన్న వృత్తం, ఒక పెద్ద వృత్తం గీసి
దాని కింద పద్నాలుగు, దీని కింద పదిహేను రాసిన.

సాయంత్రం నిజ్వా రోడ్డెక్కినం, చూసుకుందామని.
సూది నూట ఇరవై మీద నిలిచినప్పుడు
కిలోమీటరు బోర్డుకు బోర్డుకు నడుమ
నా ఫోన్ల ముప్పై సెకండ్లు, ఎక్కువ లేదు తక్కువ లేదు.
"ఏందే, బండి మొద్దువడ్డది?" అన్నడు.
బండి గాదు, కాలు.
పదకొండు నెలలు నేర్సుకున్న నూట ఇరవై
ఇంకా చెప్పులనే ఉన్నది.

వారం దాటినంక నూనె మార్పియ్యనీకె
అర్బాబే ఒచ్చిండు.
కందూరా జేబుల నుంచి నా బిల్లు తీసి
వృత్తాల మీద గోరు పెట్టి చూపెట్టిండు.
పాత చక్రం ఉన్నదా అన్నడు.
కప్పు సాసర్ల ఉండె, తుడిచి ఇచ్చిన.

తొంభై రియాళ్ల సంగతి నేనడగలే.
ఆయన చెప్పలే.
షట్టర్ నీడల నిలవడి
ఒక్కో పన్నూ గోటితోటి జరుపుకుంట
పెదవులల్లనే లెక్కవెట్టిండు,
ముప్పై కాడ ఆగి
మళ్ల మొదటినుంచి మొదలువెట్టిండు.