రెండు వందల పది

ఆ నోటుపుస్తకంలో
పదకొండు రోజులు, పొద్దునా సాయంత్రం
ఒకటే అంకె: రెండు వందల పది.
ఒకే సిరా, ఒకే వాలు.
ఒక్క పూట కూర్చుని రాసినట్టు.

ఉలాన్‌బాతర్‌లో డిసెంబరు.
కొండవాలు నిండా గుడారపు ఇళ్లు,
ప్రతి ఇంటి పొగగొట్టం బొగ్గు నమిలి ఊస్తుంటే
మా క్లినిక్ కిటికీలోంచి ఎదుటి బడి కనబడదు.
గంట వినబడుతుంది, అంతే.

ఈ గాలిలో ఏ ఊపిరీ
ఇంత బుద్ధిగా ఉండదమ్మా, అన్నాను.
త్సెల్మెగ్ తన బూట్ల వైపు చూసింది.
తొమ్మిదేళ్లు.
పేరుకి అర్థం తేట ఆకాశం.
ఆ పేరు పెట్టేనాటికి వాళ్లింకా
గొర్రెల మందతో గడ్డి మైదానంలోనే ఉన్నారు.

"నూట డెబ్బై కిందికి దిగితే
మంచు మీదికి వెళ్లొద్దన్నావుగా,"
గొణిగింది.
క్లాసంతా నది మీద స్కేటింగుకి పోతోందట.

నిజమే.
ఆ గీత నేనే గీశాను, పసుపు పెన్సిలుతో.
దాని కింద ఇంకోటి, ఎర్రది.
పైన పచ్చగా ఉన్నదంతా పాసు అన్నట్టు,
కింద ఉన్నదంతా ఫెయిలన్నట్టు
నేను చెప్పిన తీరే అలా ఉందేమో.
పన్నెండేళ్ల సర్వీసు నాది.

మూల బల్ల మీద వాళ్ల తాత గోంచిగ్.
అప్పటిదాకా నోరు విప్పలేదు.
లేచి వచ్చి, ఊదే గొట్టాన్ని తీసుకుని
ముల్లుని వేలితో పైకీ కిందికీ జరిపి చూశాడు.
"మేం పందెం గుర్రాలకి
పరుగు కాగానే చెమట గీకి చూస్తాం.
మొదట్లో జిడ్డుగా ఉంటుంది.
రోజులు గడిచేకొద్దీ నీళ్లలా తేటపడుతుంది.
నలభై ఏళ్లలో ఒక్క గుర్రమూ నాకు
అబద్ధపు చెమట చూపలేదు.
ఎందుకంటే
చెమట బాగోలేదని నేనెన్నడూ
కొరడా తీయలేదు."

నాతోనే అన్నాడో, మనవరాలితో అన్నాడో.
నేను మాత్రం
బల్ల మీది పసుపు పెన్సిల్ని
సొరుగులోకి తోసేశాను. కాసేపయ్యాక మళ్లీ తీశాను.
గీత అవసరమే.

కొత్త పేజీ.
నిలబడు. ముల్లు సున్నా మీద పెట్టు.
గుండె నిండా పీల్చు, పెదాలు బిగించు,
ఒక్కసారిగా ఊదు.
మూడు సార్లు. అన్నిట్లో పెద్దది రాయాలి.
నూట నలభై.
ఎవరూ ఏమీ అనలేదు.
ఆ పిల్ల అందరి ముఖాలూ చూసింది, నమ్మలేక.

నీళ్ల సీసా అడుగున బెజ్జం చేసి
వాళ్లమ్మ టేపు చుట్టి పెట్టిన గొట్టం,
దానికి నీలం పంపు.
మెల్లగా పీల్చి ఊపిరి ఆపమంటే
తాత లెక్క మొదలెట్టాడు, అంకెలతో కాదు,
గుర్రాల రంగులతో:
రాగి, బూడిద, తేనె, పొగ...
పదో రంగు దగ్గర వదిలింది.
పావుగంటకి నూట డెబ్బై ఐదు.
రెండూ తనే రాసుకుంది.

ఇప్పుడు ఫిబ్రవరి. పుస్తకం నా ముందుంది.
అంకెలు మేకపిల్లల్లా గెంతుతున్నాయి,
పక్కన వంకర అక్షరాలు:
నూట అరవై. నాన్న పొయ్యి రాజేశాడు.
నూట తొంభై. గాలి వీచింది, కొండ కనబడింది.
నూట యాభై. తమ్ముడు కితకితలు పెట్టాడు.
బాగానే ఉన్నాను, అయినా గోధుమరంగు పంపు మానలేదు.
నోరు పుక్కిలించడం మర్చిపోయాను.

మరో పేజీలో, రాత్రి రెండింటికి:
నూట ఇరవై. అమ్మని లేపాను.
నీలం పంపు రెండుసార్లు.
నూట అరవై ఐదు. అమ్మ నిద్రపోలేదు, నేను పోయాను.

నిన్నటిది చివర్లో:
రెండు వందలు. నదికి వెళ్లాను.
సగంలో ఛాతీలో పిల్లి కూసింది.
ఆగాను. ఎవరూ ఆగమనలేదు.
నేనే ఆగేను.

ఆ చివరి మాటలో అచ్చుతప్పుంది.
దిద్దలేదు.