గాలి కట్టిన జీతం

"ఎంతొస్తుందేంటి నీకు?" అని అడిగేవాళ్లంతా
జవాబు కూడా తామే వెంట తెచ్చుకుంటారు.
మా అన్న జెర్వాజియో అలా కాదు.
"ఎన్ని ఆవులొచ్చాయి?" అంటాడు.

సావ్ జోర్జ్ దీవిలో, సముద్రంలోకి జారే పచ్చికలో
మా ఆవులు ముప్పై నాలుగు ఉండేవి.
నేను పైలట్ నవుతానన్న ఏడాది పద్దెనిమిది అమ్మాం.
మిమోజా నా మొదటి నలభై గంటలు.
తెల్ల చెవుల రోలా నా రాత్రి ప్రయాణాల లైసెన్సు.
ఒంటికొమ్ము ఫిదల్గాకి పెద్ద ధర పలకలేదు,
వాతావరణం పరీక్ష ఫీజుకి సరిపోయింది.
ఇంత చదివాక, ఈ ఒక్క రకం విమానానికి
మళ్లీ వేరే చదువు, వేరే ఖరీదు అన్నప్పుడు
అన్న టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు,
బ్యాంకుకి నడిచాడు.

నికర జీతం కొంత ఉంది. దాని ముఖం నేను చూడను,
అద్దె సగం, బ్యాంకు సగం పంచుకుంటాయి.
మిగిలింది గంటల లెక్క.
చక్రాల కింది దిమ్మలు తీస్తే గడియారం మొదలు,
మళ్లీ పెడితే బంద్.
తెల్లారుజామున నాలుగింటికి చొక్కా ఇస్త్రీ చేసుకోవడం
లెక్కలోకి రాదు.
పోంటా డెల్గాడాలో పొగమంచు కరిగేదాకా
చల్లారిన కాఫీ ముందు ఐదు గంటలు, అదీ రాదు.

"అంటే పాలు పితికినంతసేపే కూలీ అన్నమాట.
మేత వేసిందీ, పేడ ఎత్తిందీ,
దూడ అడ్డం తిరిగిన రాత్రి మేలుకున్నదీ ఊరికే."
అంతే, అన్నాను.
"మరి నాకన్నా ఏం బాగుపడ్డావే?"

కెప్టెన్ బెల్మీరో బాగుపడ్డాడు.
నాకు రెండింతలు పైనే ఆయనకి. పడవ ఉంది,
కొండవాలున ద్రాక్షతోట ఉంది.
ఆర్నెల్లకోసారి డాక్టరు ఆయన చెవిలో లైటు వేసి చూస్తాడు.
ఆ కాస్త వెలుతురులోనే ఉన్నాయి
పడవా, తోటా, కూతురి కాలేజీ.
వరస జాబితాలో నా పైన ఇరవై రెండు పేర్లు.
ఎవరికీ చెడు కోరను.
కానీ ఎవరి పుట్టినరోజు ఎప్పుడో నాకు తెలుసు,
ఎవరికి అరవై ఎప్పుడు దాటుతుందో కూడా.

నవంబరులో ఒక సాయంత్రం
సావ్ జోర్జ్‌కి నేనే నడిపాను.
బెల్మీరో చేతులు మోకాళ్ల మీద, కళ్లు నా చేతుల మీద.
గాలి కొండ మీంచి దొర్లి పడుతోంది.
రన్‌వే ముందద్దంలో లేదు, పక్క కిటికీలో ఉంది.
దాని అవతల, కంచె దగ్గర
రెండు పసుప్పచ్చ దీపాలు.
అన్న ట్రాక్టరు.
నేనొస్తున్నానని వెలిగించి నిలబెట్టాడు.

రెండు వందల అడుగుల దగ్గర నా ఎడమ చెయ్యికి తెలిసింది,
నాకన్నా ముందు.
పైకెత్తేశాను.
ఇంకోసారి వచ్చాం. ఇంకోసారి కాదు.
వెనక అరవై మంది, ఒడిలో పెళ్లి కేకుతో ఒకావిడ,
అందరితో కలిసి తెర్సేరాకి మళ్లాం.
బెల్మీరో ఒక్క మాట అన్నాడు: "మంచిది."

రాత్రి హోటల్ గదికి ఫోన్.
"ఆవులన్నీ తలలెత్తి చూశాయే" అన్నాడు.
కాసేపాగి, లెక్కల మనిషి కదా,
"దిగనందుకు కోతేమైనా పెడతారా?"
లేదన్నా. యాభై రెండు నిమిషాలు ఎక్కువొచ్చాయి.
"దిగనందుకా?"
దిగనందుకే.

తర్వాత చాలాసేపు గాలి చప్పుడు,
అటు నుంచీ ఇటు నుంచీ.
డైరీ పేజీ తిప్పిన చప్పుడు.

"అయితే ఒక గిట్ట వచ్చింది.
ఫిదల్గాది అని రాసుకుంటాను."