మాట పడని కడ్డీ

ఎల్గోయిబార్‌లో వాన పట్టి పదకొండు రోజులు.
ఇత్సియార్ చెయ్యి తుడుచుకునే అర తెరుస్తుంది.
చెక్క దిమ్మెలో ఒక్కో బెజ్జానికి ఒక్కో కడ్డీ,
ఒకదాన్నొకటి తాకకుండా.
"ఉక్కు దెబ్బ తింటే సొట్టపోతుంది.
ఇది పెళుసుది, మాట పడదు" అంటుంది.

చిటికెన వేలంత కార్బైడ్,
ఎత్తితే మాత్రం అరచెయ్యి కుంగుతుంది.
గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకుంటుంది:
ఖంగుమంటే సరే.
బొంగురుపోతే, ఎక్కడో వెంట్రుకంత బీట.

నిన్న తొందరలో నేను
రెంటినీ ఒకే డబ్బాలో పడేశాను.
ఏమీ అనలేదు.
అంచు లేచిన ఆ కడ్డీని
నా భోజనం డబ్బా పక్కన నిలబెట్టి వెళ్ళింది.

ఈ రోజు టైటానియం పని.
ఏ కడ్డీ అని అడిగితే
కిటికీకేసి చూపించింది.
కడ్డీ పొడవునా ఉన్న సన్న బెజ్జంలోంచి
చూశాను:
ఆవగింజంత వెలుతురు,
అందులో ఇంకా వాన.